రెండో వరుస ఎందుకు జరుగుతుంది?

47ను 36తో గుణించేటప్పుడు రెండో వరుసను ఒక స్థానం ఎడమకు జరపమని పిల్లలకు చెబుతాం. ఎందుకో మాత్రం చెప్పం. 36లో పదుల స్థానంలో ఉన్న 3 విలువ 30. కాబట్టి 47ను దానితో గుణిస్తే వచ్చేది 141 కాదు, 1410. దానికి 47×6, అంటే 282 కలిపితే 1692. జరపడం మరిచిన పిల్లలకు 423 వస్తుంది. 40×30 ఒక్కటే 1200 అని తెలిసినవారు ఆ జవాబును క్షణం కూడా నమ్మరు.

స్థానాలవారీగా విడగొట్టి 1200, 240, 210, 42 అని నాలుగు లబ్ధాలూ రాస్తే పరీక్షలో ఆలస్యమవుతుందని కొందరి అభ్యంతరం. నిజమే, వరుసలు పెరుగుతాయి. కానీ పొట్టి పద్ధతిలోనూ జరిగేవి ఆ నాలుగు గుణకారాలే, కనబడవంతే. ఇది కొత్త పోకడ కూడా కాదు: 1150లో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో 135ను 12తో గుణించడానికి స్థానాలవారీ విభజననూ ఒక పద్ధతిగా చూపాడు. ముందు నాలుగు వరుసలూ రాయించండి. అర్థమయ్యాక వేగం నేర్పండి.