మూడు దశాంశ స్థానాలు: ఒమాన్‌లో డేటా సైన్స్ చదువు, ఉద్యోగ వేట

ఒమాన్ రియాలుకు వెయ్యి బైసాలు. అందువల్ల మస్కట్‌లో ఏ బిల్లు చూసినా దశాంశ బిందువు తరువాత మూడు అంకెలుంటాయి. రూపాయినో డాలరునో దృష్టిలో పెట్టుకొని రెండు స్థానాలకే సరిపెట్టిన పట్టికలోకి ఈ లెక్కలు ఎక్కిస్తే 0.125 రియాలు నిలవదు. దాన్ని రెండు స్థానాలకు సవరించమంటే ఎక్సెల్ 0.13 అంటుంది, పైథాన్‌లోని రౌండ్ ప్రమేయం 0.12 అంటుంది. రెండూ తమతమ నియమాల ప్రకారం సరైనవే. ఒక్క వరుసలో తేడా ఐదు బైసాలే కాని, లక్ష వరుసల పట్టికలో చివరి మొత్తం బ్యాంకు లెక్కతో పొసగదు. ఈ చిక్కు మస్కట్‌లో పదేళ్ళు పద్దులు రాసిన అకౌంటెంటుకు చెప్పకుండానే తెలుసు. ఆరు నెలల కోర్సు పూర్తిచేసిన పట్టభద్రుడికి సాధారణంగా తెలియదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ తేడాయే.

గల్ఫ్‌లోని తెలుగువారిలో అకౌంటెంట్లు, క్వాంటిటీ సర్వేయర్లు, ప్రాసెస్ ఇంజనీర్లు నలభై దాటిన వయసులో, పిల్లలు పడుకున్నాక, పైథాన్ పాఠాలు వినడం ఇప్పుడు అరుదైన విషయం కాదు. దీనికి జ్ఞానతృష్ణ ఒక్కటే కారణమనుకోనక్కరలేదు. ఒమాన్ 1988 నుంచి ఉద్యోగాలలో స్వదేశీయుల వాటా పెంచే విధానాన్ని అనుసరిస్తోంది. 2018 జనవరిలో 87 వృత్తులలో విదేశీయులకు కొత్త వీసాలు ఆరు నెలలపాటు నిలిపివేశారు. ఆ గడువును తరువాత పొడిగించారు. సమాచార సాంకేతిక రంగం, అకౌంటింగ్, ఇంజనీరింగ్, మార్కెటింగ్ వృత్తులు ఆ జాబితాలో ఉన్నాయి. మరోవైపు, పాత యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వకపోతే రెండేళ్ళపాటు మళ్ళీ దేశంలో ఉద్యోగానికి రాలేని నిబంధన 2021 జనవరితో తొలగిపోయింది. అంటే బయటినుంచి వచ్చేవారికి దారి ఇరుకైంది. లోపల ఉన్నవారికి ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మారే వీలు పెరిగింది. స్వదేశీయులకు ప్రాధాన్యం అన్యాయమన్న మాట మన సమావేశాల్లో తరచు వినిపిస్తుంది. నేను అంగీకరించలేను. 1986లో మొదలైన సుల్తాన్ ఖబూస్ విశ్వవిద్యాలయంలో చదివిన యువతకు తమ దేశంలో ఉద్యోగం కావాలనుకోవడంలో వింత లేదు. వాళ్ళూ ఇవే పరికరాలు నేర్చుకుంటున్నారు. కాబట్టి పరికరాలు వచ్చినంత మాత్రాన మనవైపు మొగ్గు ఉండదు.

పరికరాల గురించి క్లుప్తంగానే చెబుతాను. మొదట ఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలి. 1970ల్లో ఐబీఎమ్‌లో పుట్టిన ఈ భాష ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సంస్థల దత్తాంశంలో ఎక్కువభాగం దానికే జవాబు చెబుతుంది. తరువాత పైథాన్, అందులో పాండాస్; ఆపైన పవర్ బీఐ వంటి చిత్రణ సాధనం ఒకటి. యంత్రాభ్యసనం చివరికి రావాలి. చాలామంది ఈ క్రమాన్ని తలకిందులు చేసి, న్యూరల్ నెట్‌వర్కులతో మొదలుపెట్టి, రెండు పట్టికలను కలపమంటే తడబడతారు. ఎక్సెల్‌ను తక్కువ చేయనక్కరలేదు, కాని దాని హద్దు తెలియాలి. 2020 అక్టోబరులో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ 15,841 కోవిడ్ కేసులను లెక్కలో సకాలంలో చేర్చలేకపోయింది. కారణం, 65,536 వరుసలకు మించి పట్టని పాత ఎక్సెల్ ఫైలు రూపం. మిగిలిన వరుసలు చడీచప్పుడూ లేకుండా రాలిపోయాయి.

అసలు చిక్కు అభ్యాసానికి వాడే దత్తాంశంతో వస్తుంది. ప్రపంచంలో ఎక్కడ నేర్చుకున్నా విద్యార్థి ముందుకు వచ్చేవి టైటానిక్ ప్రయాణికుల జాబితా, 1936లో ఫిషర్ ప్రచురించిన 150 ఐరిస్ పువ్వుల కొలతలు. అవి మంచి పాఠాలే, కాని వాటిలో ఊరూ వాడా లేవు. ఒమాన్ దత్తాంశానికి తనవైన మెలికలున్నాయి. 2013 మే 1న ఇక్కడి వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారింది. ఆ తేదీకి ముందూ తరువాతా ఉన్న అమ్మకాలను ఒకే వరుసగా తీసుకొని గురువారపు సగటు కడితే, అది ఏ కాలానికీ చెందని సంఖ్య. రంజాన్ మాసం ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2015లో జూన్‌లో మొదలైనది 2025కు మార్చికి వచ్చింది. ఇంగ్లీషు నెలల ఆధారంగా ఋతుధోరణి లెక్కించే నమూనా జూన్ అమ్మకాల పెరుగుదలను వేసవికి ఆపాదిస్తుంది.

పేర్ల సంగతి మనకు మరీ దగ్గరిది. అరబ్బీలో ‘ప’కారం లేదు. రెసిడెంట్ కార్డుమీద పద్మావతి ‘బద్మాఫతీ’ అవుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకొకచోట ఒక్క పొడి అక్షరం. ఆసుపత్రి, బ్యాంకు, కార్యాలయం పట్టికలను పేరుతో కలిపితే ఒక మనిషి ముగ్గురవుతుంది. ఒమాన్ ఈ చిక్కును దేశస్థాయిలో ఎదుర్కొంది. 1993, 2003, 2010 జనగణనలకు ఎన్యూమరేటర్లు ఇంటింటికీ తిరిగారు. 2020 గణనకు మాత్రం వివిధ శాఖల రికార్డులను కలిపి ఎలక్ట్రానిక్ పద్ధతిలో లెక్క తేల్చారు: 44,71,148 మంది, అందులో పదిమందికి దాదాపు నలుగురు విదేశీయులు. అటువంటి పనికి ఆధారం పేరు కాదు, ప్రతి వ్యక్తికీ ఉండే సివిల్ నంబరు. పట్టికలను కలపడమనే పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఐరిస్ పువ్వుల ఫిషర్‌కు తెలుగు శిష్యుడొకరున్న విషయం ఇక్కడ చెప్పుకోవాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. పూర్తిచేసి, సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకరి ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి, 1941లో శిక్షణకు చేరారు. 1945 వ్యాసంతో ఆయన పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆ మరుసటి ఏడు కేంబ్రిడ్జిలో ఆయనకు అప్పగించిన పని మాత్రం సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన ప్రాచీన అస్థిపంజరాల కొలతల విశ్లేషణ. పగిలిన పుర్రెలు, అసంపూర్ణమైన కొలతలు. ఫిషర్ పర్యవేక్షణలో ఆయన డాక్టరేటుకు దారితీసిన బహుచర విశ్లేషణ పద్ధతులు ఈ పనిలోనే రూపుదిద్దుకున్నాయి. 2023లో, నూటరెండేళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి పొందిన ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది ఈ ఎముకల ఘట్టమే.

ఉద్యోగ ప్రయత్నానికి వస్తే, ‘డేటా సైంటిస్ట్’ అన్న హోదా కోసం మాత్రమే వెతికేవారు నిరాశపడవచ్చు. పని ఉంది, పేరు వేరు: ప్లానింగ్, రిజర్వాయర్ విభాగం, సరఫరా, ఆడిట్. 1967 నుంచి నూనె ఎగుమతి చేస్తున్న ఈ దేశపు పాత బావులలో నూనెకంటె నీరే ఎక్కువ వస్తుంది. పంపులు, పీడనాలు, నీటిపాళ్ళ రీడింగులు క్షణక్షణం నమోదవుతాయి. పీడనం సున్నా అని కనిపిస్తే కొత్త విశ్లేషకుడు బావి ఆగిపోయిందనుకుంటాడు. ఆ రోజు సెన్సరును కాలిబ్రేషన్‌కు విప్పారేమోనని ప్రాసెస్ ఇంజనీరు మొదట అడుగుతాడు. రెజ్యూమెలో కోర్సుల సర్టిఫికెట్లు ఎనిమిది పేర్చేకంటె, ఇటువంటి ప్రశ్న ఒకటి ఎలా తలెత్తిందో, ఎలా తేల్చారో ఐదు వాక్యాల్లో రాయడం మేలు.

అయితే సంస్థ దత్తాంశాన్ని ఇంటికి తెచ్చి నమూనా ప్రాజెక్టు చేయకూడదు. నీతి మాట అటుంచితే, వ్యక్తిగత దత్తాంశ రక్షణకు 2022లో వెలువడిన రాజశాసనం 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. ఆ అవసరం కూడా లేదు. 2012లో ఏర్పడిన జాతీయ గణాంక సమాచార కేంద్రం పట్టికలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిలో సలాలా వానకాలపు సందర్శకుల లెక్క తీసుకోండి. ఆ కాలాన్ని అక్కడ ‘ఖరీఫ్’ అంటారు. మన రైతులు పంటకు వాడే మాటే, అరబ్బీ నుంచే మనకూ వచ్చింది. ఏటా జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా సాగే ఆ సందర్శనకాలాన్ని 2020లో కోవిడ్ దాదాపు తుడిచిపెట్టింది. వచ్చే ఏటి సంఖ్యను అంచనా వేయవలసివస్తే 2020ని సున్నాగా తీసుకోవాలా, నమోదుకాని సంవత్సరంగా వదిలేయాలా? దాని తరువాత కనిపించే పెరుగుదలలో పాత స్థాయికి తిరిగి రావడం ఎంత, కొత్త వృద్ధి ఎంత? ఇంటర్వ్యూలో నేను అడిగేవాడినైతే, కోడ్ చూడకముందే ఈ రెండింటికీ జవాబు అడుగుతాను.