వేసవిలో గీజరు

శీతలదేశముల ఫ్లాట్లలో రాత్రివేళ చౌకగా దొరకు విద్యుత్తుతో ఇటుకలను కాచి, ఆ వేడిమిని పగలెల్ల గదికి పంచిపెట్టు హీటర్లు కలవు. బ్రిటన్‌లో 1978 నుండి రాత్రి ఏడు గంటలపాటు తక్కువ ధరకు కరెంటునిచ్చు ‘ఎకానమీ సెవెన్’ పద్ధతి వానికి ఊతమైనది. ఖతర్‌లో జనవరి మాసమునందైనను గదిని వెచ్చబెట్టుకొనవలసిన రాత్రులు బహు స్వల్పము. వేడిమిని దాచియుంచు యంత్రము మాత్రము ఇచటి ఫ్లాట్లలోను కలదు. అది స్నానాలగదిలో, తరచుగా ఫాల్స్ సీలింగు చాటున, ఎవరి కంటను బడక కూర్చుండు గీజరు.

దోహాలోని మన్సూరా, నజ్మా ప్రాంతముల ఫ్లాట్లలో స్నానాలగది వెలుపలనున్న గీజరు స్విచ్చి యెర్రదీపము రాత్రింబవళ్లు వెలుగుచుండుట కద్దు. మాటిమాటికి ఆపి వేసినచో కరెంటెక్కువ కాలునను నమ్మిక దీనికి కొంత మూలము. అద్దెలోనే కహరమా సంస్థవారి నీటి, కరెంటు బిల్లు కలిసియుండుట మరికొంత మూలమని నా అనుమానము. ఆ నమ్మిక సరికాదు. 20 డిగ్రీలనున్న 50 లీటర్ల నీటిని 60 డిగ్రీలకు కాచుటకు రెండుంబావు యూనిట్లకు కొంచెము పైగా పట్టును. ఒకటిన్నర కిలోవాట్ల గీజరుకది రమారమి గంటన్నర పని. ఆపైన ఎవరు స్నానము చేసినను చేయకున్నను వేడిమి పీపా గోడలగుండ పోవుచునే యుండును. నీరెంత వేడిగా, ఎంతసేపుండునో నష్టమంత హెచ్చు. టైమరొకటి అమర్చుకొని, థర్మోస్టాటును 75 నుండి 60కి దించుకొన్నవారికి ఈ నష్టము చాలవరకు తప్పును. ఏసీ నడచు మాసములలోనైతే గీజరు విడిచిన వేడిమిని వెలుపలికి తోలుటకు మరల కరెంటే వెచ్చింపవలెను.

అసలు వింత వేసవిలో నున్నది. 2010 జులైలో దోహాలో ఉష్ణోగ్రత 50.4 డిగ్రీల కెక్కినది. అట్టి ఎండలో మిద్దెపై ట్యాంకులో కాగిన నీరు చన్నీళ్ల కొళాయిలో వచ్చి చేయి కాల్చును. అందుచే ఇచట అనుభవజ్ఞులు మే నెలలోనే గీజరు ఆపివేసి, ఏసీ చల్లదనమున లోపల నిలిచి కొంత చల్లారిన ఆ పీపా నీటిని వేడినీళ్ల కొళాయి త్రిప్పి స్నానమునకు వాడుకొందురు. ఇందొక చిక్కు కలదు. శీతకాలమున అడుగునుండి చేరు చన్నీరు బరువగుటచే క్రిందనే నిలిచి, పైనున్న వేడినీరు దానితో కలియక వెడలివచ్చును. వేసవిలో చేరునది వేడినీరు గనుక తేలికయై పైకెగసి, లోపలి చల్లని నీటితో కలసిపోవును. మొదట స్నానము చేసినవాడు అదృష్టవంతుడు, మూడవవానికి మిద్దె నీరే గతి. వేడి నిలుపుటకై పీపాకు చుట్టిన పొర చల్లారుటను గూడ ఆలస్యము చేయును గనుక, కుటుంబమంతయు ఒక్కపూటనే గాక కొందరు రాత్రి, కొందరు తెల్లవారుజామున స్నానము చేయుట యుక్తము.

చల్లని నీరు వచ్చువరకు కొళాయి వదలివేయుట మాత్రము తగదు. అది సముద్రజలమున ఉప్పు తీసి తెచ్చిన నీరు. 2000లో ఏర్పడిన కహరమాయే నీటికిని, కరెంటుకును బిల్లు పంపును. 2012లో అది ‘తర్షీద్’ అను పొదుపు ప్రచారము నారంభించినది గూడ ఈ రెండింటికొరకే.

వేసవి సెలవులకు ఊరికి పోయి వచ్చినవారికొక హెచ్చరిక: వారములకొలది గోరువెచ్చగా కదలక నిలిచిన నీటిలో లెజియొనెల్లా యను సూక్ష్మజీవి పెరుగవచ్చును. వచ్చిన దినముననే గీజరు వేసి నీటిని 60 డిగ్రీలకు పైగా కాచి, కిటికీ తెరచి లేదా ఎగ్జాస్టు ఫ్యాను వేసి, ఆ నీరంతయు మెల్లగా వదలి, పిమ్మట స్విచ్చి ఆర్పవలెను.