ఇంటి సోలారు బ్యాటరీ: ఖర్చును లెక్కించు విధము

గత కొన్ని మాసములుగా మన సంఘ సభ్యులలో పలువురు మమ్ము నొక ప్రశ్న యడుగుచున్నారు. "ఇంటిమీద సోలారు పలకలు వేయించుకొంటిమి. రాత్రివేళ గూడ ఆ కరెంటునే వాడుకొనుటకు బ్యాటరీ పెట్టించవలెనని యున్నది. దానికెంత యగును? సంఘము అప్పిచ్చునా?" ప్రశ్న చిన్నదే. కాని యొక్క అంకెతో సమాధానము చెప్పి యూరకున్నచో సభ్యులకు మేలుకంటె కీడే యెక్కువ జరుగునని మా యభిప్రాయము. ఎద్దును కొనబోవు రైతు ధర నొక్కదానినే చూడడు. పండ్లు చూచును, నడక చూచును, ఎన్నేండ్లు కాడి మోయునో యోచించును. బ్యాటరీని గూడ నట్లే చూడవలెను.

బ్యాటరీ కరెంటును పుట్టించునది కాదు, నిలువచేయునది మాత్రమే. పలకలు చేనువంటివి, బ్యాటరీ గాదెవంటిది. గాదె యెంత పెద్దదైనను చేను పండినదానికంటె నొక్క గింజ యెక్కువ యీయలేదు; పైగా నిలువలో కొంత తరుగు పోవును. మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాటు పలకలు సగటున దినమునకు సుమారు 4 యూనిట్లు ఇచ్చును. ఆ కరెంటును సీసపు బ్యాటరీలో నింపి తీసినచో నూటికి సుమారు ఇరువది పాళ్లు, లిథియము బ్యాటరీలో నైనచో అయిదు మొదలు పది పాళ్లు తరుగును.

ఇచట పెక్కుమంది పొరపడు విషయ మొకటి కలదు. ఇంటిపై పలకలున్నచో ఊరిలో కరెంటు పోయినను తమ యింట దీపము వెలుగుననుకొందురు. సాధారణముగా వేయుచున్న యేర్పాటులో నిది జరుగదు. లైనుతో కలిపిన ఇన్వర్టరు, లైనులో కరెంటు పోయిన తక్షణమే తానును ఆగిపోవును. ఇది లోపము గాదు. అట్లు ఆగనిచో మన యింటి కరెంటు లైనులోనికి పోయి, స్తంభముపై మరమ్మతు చేయుచున్న లైన్‌మన్ ప్రాణమునకు ముప్పు తెచ్చును. కాన మిట్టమధ్యాహ్నము ఎండ మండుచున్నను, లైను లేనప్పుడు ఆ పలకలు వట్టివే. అట్టి వేళ గూడ కరెంటు కావలెనన్నచో బ్యాటరీయు, దానితో పనిచేయు హైబ్రిడ్ ఇన్వర్టరును ఉండవలెను.

లైను సరిగా నున్నంతకాలము మాత్రము నెట్ మీటరే మనకు గాదె. పగలు మనము లైనులోనికి పంపిన యూనిట్లు రాత్రి వాడుకొన్న యూనిట్లకు చెల్లగును. ఈ గాదెకు మనము వేఱుగ సొమ్ము పెట్టనక్కఱ లేదు. ఈ సంగతిని మనసున నుంచుకొని మిగిలిన లెక్కను చూతము.

సర్కారు సహాయము మాట మొదట చెప్పెదము. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద రెండు కిలోవాట్ల వఱకు కిలోవాటు 1కి రూ. 30,000లును, మూడవ కిలోవాటునకు రూ. 18,000లును, మొత్తము రూ. 78,000లకు మించకుండ, గృహస్థులకు సహాయముగ నిత్తురు. అయితే ఈ సహాయము పలకల సామర్థ్యమును బట్టియే గాని బ్యాటరీని బట్టి కాదు. బ్యాటరీ ఖర్చు యావత్తు గృహస్థుడే భరింపవలెను. "అంతయు సబ్సిడీయే" యని చెప్పు విక్రేత మాటను సభ్యులు నమ్మరాదు. పన్ను విషయమునను భేదము కలదు. 2025 సెప్టెంబరు 22 నుండి పలకలపై జి.యస్.టి. 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. బ్యాటరీపై మాత్రము 18 శాతము.

బ్యాటరీలలో మనకు దొరకునవి ముఖ్యముగా రెండు తెగలు. ఒకటి సీసము, ఆమ్లముతో చేసినది. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టినది. మన యిండ్లలో ఇన్వర్టరు క్రింద నుండు బరువైన పెట్టె యిదే. రెండవది లిథియము, ఇనుము, ఫాస్ఫేటులతో చేసినది. మొదటిది చౌక, రెండవది ప్రియము. ఇంతవఱకు అందఱికి తెలిసినదే. కాని చౌక యేది, ప్రియమేది యను నిర్ణయము పెట్టె వెలను బట్టి కాక, ఆ పెట్టె తన జీవితకాలమున మనకు తిరిగి యిచ్చు యూనిట్లను బట్టి చేయవలెను.

ఈ క్రింది ధరలు లెక్క చూపుటకు మేము అనుకొన్నవి. సభ్యులు తమ ఊరి ధరను వీని స్థానమున నుంచుకొని లెక్క చేసికొనవచ్చును.

12 వోల్టుల 150 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీలో పట్టునది 12ను 150చే గుణించిన 1,800 వాట్ గంటలు, అనగా 1.8 యూనిట్లు. దీనిని అడుగంట వాడినచో త్వరలో చెడును, సగమే వాడవలెను. కాన దినమునకు వచ్చునది 0.9 యూనిటు. ఇట్లు 1,200 సార్లు నింపి తీసినచో 1,080 యూనిట్లు. వెల రూ. 16,000లైనచో యూనిటు 1కి పడునది దాదాపు రూ. 14.80. నడుమ నడుమ పోయవలసిన డిస్టిల్డు వాటరు దీనికి అదనము.

5 యూనిట్లు పట్టు లిథియము బ్యాటరీలో నూటికి ఎనుబది పాళ్లు నిర్భయముగ వాడవచ్చును. అనగా దినమునకు 4 యూనిట్లు. 3,000 సార్లు పనిచేసినచో 12,000 యూనిట్లు. వెల రూ. 1,00,000లైనచో యూనిటు 1కి పడునది రూ. 8.33. పెట్టె వెలలో ఆరురెట్లకు మించి ప్రియమైన బ్యాటరీ, యూనిటు లెక్కకు వచ్చునప్పటికి చౌక యైనది.

ఇచటనే లెక్క ముగిసినదని సంతోషింపరాదు. ఆ లక్ష రూపాయలు అప్పు తెచ్చినవైనచో వడ్డీ చేరవలెను. నూటికి 12 వడ్డీకి తెచ్చి, ఏటికి రూ. 20,000ల చొప్పున అసలు అయిదేండ్లలో తీర్చినచో, వడ్డీ వరుసగా 12,000, 9,600, 7,200, 4,800, 2,400 వెరసి రూ. 36,000లగును. అప్పుడు యూనిటు రూ. 11.33లకు చేరును. ఆంధ్రప్రదేశమున 2022-23 ధరల పట్టిక ప్రకారము గృహస్థుడు నెలకు 126 మొదలు 225వ యూనిటు వఱకు చెల్లించునది రూ. 6.00, 226 మొదలు 400 వఱకు రూ. 8.75. కాబట్టి నెట్ మీటరు కలిగి, లైను చక్కగా వచ్చు గ్రామమున, బిల్లు తగ్గించుకొనుటకై అప్పుచేసి బ్యాటరీ పెట్టుట నష్టము బేరమే.

ఇది వట్టి కాగితపు లెక్క కాదు. మన సభ్యులలో నొకరు గత సంవత్సరము పంట ఋణముగ తీసికొన్న సొమ్ములో కొంత భాగమును బ్యాటరీకి వెచ్చించిరి. పంట ఋణమునకు 7 శాతమే వడ్డీ, గడువులోపల చెల్లించినచో 4 శాతమే పడును గదా యని వారి తలంపు. తీరా పైరుకు పైయెరువు వేయవలసిన సమయమున చేత సొమ్ములేక, బయట నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి తెచ్చుకొనవలసి వచ్చెను. బ్యాటరీ బాగుగనే పనిచేయుచున్నది, దెబ్బతిన్నది పంట. పైరుకై తెచ్చిన సొమ్ము పైరుకే పోవలెను.

అట్లయిన బ్యాటరీ యెవరికిని వలదా? వలయువారు కలరు. తఱచుగా కరెంటు పోవు శివారు గ్రామములందు, ఇంట మంచముపట్టిన వృద్ధులుగాని, ఆక్సిజను యంత్రముతో నున్న రోగులుగాని, పరీక్షలకు చదువు పిల్లలుగాని యున్నచోట, ఒక్కొక్క యూనిటు విలువ రూ. 6.00 కాదు. దీపము లేనందువలన కలుగు నష్టమే దాని విలువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమునను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునను కరెంటు స్తంభములను కూల్చినప్పుడు పలు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. అట్టి దినములలో రెండు దీపములు, ఒక సెల్‌ఫోను పనిచేయుట ప్రాణాధారమే. అయితే మబ్బు పట్టిన దినములలో పలకల దిగుబడి బాగుగ తగ్గునని మఱవరాదు.

డీజిలు జనరేటరు వాడుచున్నవారికిని బ్యాటరీ లాభకరము. చిన్న జనరేటరు లీటరునకు సుమారు 3 యూనిట్లు ఇచ్చును. లీటరు రూ. 96లైనచో యూనిటు రూ. 32 పడును. దాని ప్రక్కన రూ. 11.33లు స్వల్పమే.

పొలము మోటారును బ్యాటరీపై నడుపుదమనుకొనువారు కొందఱు కలరు. 5 అశ్వశక్తుల మోటారు గంటకు సుమారు 4 యూనిట్లు త్రాగును. లక్ష రూపాయల బ్యాటరీ యొక గంటలో నడుగంటును. ఆ యాలోచన మానుకొనుట మంచిది.

ఇక నెంత బ్యాటరీ కావలెనను ప్రశ్న. దీనికి సమాధానము బ్యాటరీ దుకాణమున లేదు. మన యింటి దూలమునకు వ్రేలాడు పంకాలో నున్నది. పాతరకపు పంకా 75 వాట్లు తినును. మూడు పంకాలు ఎనిమిది గంటలు తిరిగినచో 1.8 యూనిట్లు. క్రొత్తగా వచ్చిన బి.ఎల్.డి.సి. పంకా సుమారు 30 వాట్లే తినును; మూడింటికి ఎనిమిది గంటలకు 0.72 యూనిటు. 9 వాట్ల దీపములు నాలుగు, నాలుగు గంటలు వెలిగినను 0.15 యూనిటు లోపలనే. అనగా ముందుగ పంకాలు మార్చుకొన్న యిల్లు, 5 యూనిట్ల బ్యాటరీకి బదులు దానిలో నాలుగవవంతు దానితోనే రాత్రి గడపగలదు. మూడు పంకాలకగు ఖర్చు పదివేల రూపాయలకు లోబడియే యుండును. కాన మొదట పంకాలు, తరువాత బ్యాటరీ.

బ్యాటరీ వెలతోడనే ఖర్చు తీరదు. మునుపే లైనుతో కలిపిన ఇన్వర్టరు పెట్టించుకొన్నవారు హైబ్రిడ్ ఇన్వర్టరుకు మార్చుకొనవలెను, లేదా బ్యాటరీకి వేఱొక ఇన్వర్టరు చేర్చుకొనవలెను. దీపములు, పంకాలకు మాత్రమే బ్యాటరీ కరెంటు పోవునట్లు వేఱు తీగలు లాగవలెను, ఎర్తింగు సరిచేయవలెను. స్థలము గూడ ముఖ్యమే. సీసపు బ్యాటరీ నిండునప్పుడు మండు వాయువు పుట్టును గనుక గాలి యాడుచోట, పొయ్యికిని దీపారాధనకును దూరముగ నుంచవలెను. లిథియము బ్యాటరీకి వేడి శత్రువు. రేకుల పైకప్పు క్రింద, పడమటి గోడకు ఆనించి పెట్టినచో వేసవి తాపమునకు దాని యాయువు తఱుగును.

కొనుటకు ముందు విక్రేతచే ఈ సంగతులు కాగితముపై వ్రాయించుకొనవలెను. మొదటిది, బ్యాటరీలో పట్టునది ఎన్ని యూనిట్లు, అందు వాడదగినవి ఎన్ని. రెండవది, ఎన్నిసార్లు నింపి తీయవచ్చును, అటుపిమ్మట ఎంత బలము మిగులును. మూడవది, హామీలో పూర్తిగ మార్చి యిచ్చు కాలమెంత, కొంత సొమ్ము పుచ్చుకొని మార్చు కాలమెంత. అయిదేండ్ల హామీ యను మాటలో ఈ రెండును కలిసియుండును. నాలుగవది, తయారైన తేది. అయిదవది, చెడినప్పుడు మన గ్రామమునకు వచ్చి చూచువారెవరు. ఆఱవది, పాత బ్యాటరీని ఎంతకు తిరిగి తీసికొందురు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాతవానిని సేకరించు బాధ్యత తయారీదారులదే. సీసమును పొలములో గాని చెఱువుగట్టున గాని పాఱవేయరాదు.

తొందర పడనక్కఱ లేదనుటకు మఱియొక కారణము కలదు. లిథియము బ్యాటరీల ప్రపంచపు సగటు టోకుధర కిలోవాట్ గంటకు 2010 ప్రాంతమున వేయి డాలర్లకు మించియుండి, 2024లో 115 డాలర్లకు దిగినది. కాబట్టి నేడు కావలసినంతయే కొని, రేపు మఱియొకటి చేర్చుకొనుటకు వీలుగల యేర్పాటును ఎన్నుకొనుట వివేకము.

విద్యుత్తు విషయమున సహకారము మనకు క్రొత్త గాదు. సిరిసిల్లలో 1970 నుండి సహకార సంఘమే ఇంటింటికి కరెంటు సరఫరా చేయుచున్నది. ఒక్కొక్కరు విడివిడిగా పోయి బేరమాడుటకంటె, పదిమంది కలిసి యొకే రకమును కొన్నచో వెలయందును, మరమ్మతునందును లాభముండును.

కావున సభ్యులకు మా మనవి యొక్కటే. బ్యాటరీ కోరువారు ముందుగ నొక నెలదినములు చిన్న పుస్తకమున, కరెంటు ఏ దినమున ఏ వేళ పోయెనో, ఎంతసేపటికి వచ్చెనో, అప్పుడింట నేమేమి ఆగిపోయెనో వ్రాసికొని, దానిని సంఘ కార్యాలయమునకు తీసికొని రావలెను. ఆ పుస్తకమును ముందుంచుకొని వారితో కూర్చుండి లెక్క కట్టుటకు మేము సిద్ధముగ నున్నాము. అవసరమున్నదని తేలినచో ఎంత కొనవలెనో అదియే చెప్పును. లేదని తేలినచో ఒక లక్ష రూపాయలు రైతు యింటనే నిలుచును.