శీతలపేటికలోని గుండెకాయ

పొయ్యి యెట్లు మండునో, కవ్వ మెట్లు తిరుగునో మన మెఱుగుదుము. కాని వంటింటి మూలను నిలిచి రాత్రింబవళ్లు మ్రోయుచుండెడి ఫ్రిజ్జు గర్భమున నేమి జరుగుచున్నదో విచారించువారు మనలో తక్కువ. పోయిన వేసవి వఱకు మేమును అట్టివారమే. ఆ యజ్ఞానమునకు మేము చెల్లించిన మూల్యమును చెప్పుకొనుటకే యీ వ్యాసము.

మా నివాసము అమీర్‌పేటలో. మా అత్తగారికి మధుమేహము కలదు. ఆమె ఇన్సులిను బుడ్లను ఫ్రిజ్జులో నుంచుదుము. ఒకనాటి సాయంకాలము గాలివానకు కరెంటు పోవుచు, వచ్చుచు నుండెను. వచ్చినప్పుడెల్ల మేము తొందరపడి మీట నొక్కితిమి. నాలుగవ మాఱు యంత్రము మూల్గి యూరకుండెను. మఱునాడు మెకానిక్కు చూచి, "కంప్రెసరు కాలిపోయిందమ్మా" అనెను. లోప మెవరిదని అడుగగా, మా తొందరదే యని తేలెను.

మా వారు బడిపంతులు గనుక పలకపై బొమ్మ గీసి వివరించిరి. వేసవిలో మట్టికుండ చెమర్చి, ఆ తడి యావిరియగునపుడు లోని వేడిని తీసికొనిపోవును. అందుచేత నీరు చల్లబడును. ఫ్రిజ్జు ధర్మమును అదియే. కాని కుండ విడిచిన యావిరి తిరిగి రాదు. ఫ్రిజ్జులో నొకే ద్రవ్యము మరల మరల తిరుగును. లోపలి గొట్టములలో నది యావిరియగుచు పదార్థముల వేడిని గ్రహించును. ఆ యావిరిని పీల్చి, పిస్టనుతో నదిమి, వెలుపలి గొట్టములలోనికి నెట్టుట కంప్రెసరు పని. అచ్చట నది గది గాలికి వేడినిచ్చి ద్రవమై, వెండ్రుకవలె సన్నని గొట్టము గుండ మరల లోనికి వచ్చును.

ఇట్టి చక్రమునకు జేకబ్ పెర్కిన్సు 1834లో ఇంగ్లండున పేటెంటు పొందెను. ఇండ్లకు వచ్చిన తొలి యంత్రములలో మోటారు వేఱు, కంప్రెసరు వేఱు. రెంటికిని నడుమ పట్టీ. ఇరుసు వెలికి వచ్చు చోటనుండి వాయువు కాఱుచుండెడిది. ఆ కాలపు సల్ఫర్ డయాక్సైడు వంటి వాయువులు విషములు. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారు 'మానిటర్ టాప్' అను ఫ్రిజ్జులో మోటారును కంప్రెసరును ఒకే యుక్కుకరండమున బిగించిరి. ఇరుసు వెలికి రాదు గనుక కాఱు దారి మూతపడెను. నేటి మన ఫ్రిజ్జులలోని నల్లని కుండవంటి భాగ మా వంశమునకు చెందినదే. ఇందలి చిక్కొకటి: లోని తీగచుట్ట కాలినచో విప్పి బాగుచేయుట సులభము గాదు, సాధారణముగా మొత్తము మార్చవలసినదే.

మాకు పొరుగున నున్న సనత్‌నగర్‌లో 1942లో స్థాపితమైన ఆల్విన్ లోహకర్మాగారము తరువాతి కాలమున ఫ్రిజ్జులను చేసి దేశమెల్ల పంపెను. 1990ల దశకమున ఆ ఫ్రిజ్జుల విభాగము వోల్టాసు సంస్థలో చేరెను. ఆల్విను పేరు నేటికిని ఇచ్చటి పెద్దల నోట వినబడుచుండును.

ఇక మా తప్పేమన: యంత్ర మాగిన వెంటనే వెలుపలి గొట్టములలో నొత్తిడి హెచ్చుగను, లోపల తక్కువగను ఉండును. సన్నని గొట్టము గుండ నవి సమమగుటకు కొన్ని నిముషములు పట్టును. అంతకు మునుపే మీట నొక్కినచో మోటారు తిరుగలేక, హెచ్చు విద్యుత్తును త్రాగి వేడెక్కును. పలుమాఱు లిట్లయినచో తీగచుట్ట మాడును. కావున కరెంటు వచ్చిన పిదప ఐదు నిముషములు తాళుడు. మఱియొక మాట: గడ్డకట్టిన మంచును కత్తితో గీకకుడు, గొట్టము చిల్లిపడును. నేడు పెక్కు ఫ్రిజ్జులలో వాడు ఐసోబ్యూటేను మండు స్వభావము గలది.

ఆ రాత్రి మేము కన్నీరు పెట్టుకొనుచుండగా, మా అత్తగారు మట్టికుండను తెప్పించి, చుట్టు తడిగుడ్డ కట్టి, మూతగల పొడి గిన్నెలో బుడ్ల నుంచి లోపల పెట్టించిరి. తెల్లవాఱగనే వానిని పంజగుట్టలోని మా ఆడుబిడ్డ యింటి ఫ్రిజ్జునకు చేర్చితిమి. ఇన్సులిను 2 నుండి 8 డిగ్రీల నడుమ నుండవలెను, గడ్డకట్టినచో పనికిరాదు. వైద్యుని యడిగి, చెడలేదని తెలిసికొన్న పిదపనే వాడితిమి. అత్తగారు క్షేమముగ నున్నారు. ఆ కుండ మా యింట నేటికిని ఫ్రిజ్జు ప్రక్కనే యున్నది.