మూడు సినిమాలు, పుష్యమాసపు పాటలు

ఏటా డిసెంబరు రాగానే పత్రికలవారు ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రాలంటూ జాబితాలు వేస్తారు. నాకా తొందర నచ్చదు. కొత్త వడ్లను తూర్పారపట్టకుండానే తూచినట్లుంటుంది. కొంతకాలం గడవనిస్తే తాలు ఎగిరిపోయి గింజ నిలుస్తుంది. అందుకే నేను గడచిన 2023వ సంవత్సరాన్ని ఎంచుకొన్నాను. కరీంనగరంలో తెలుగు పాఠాలు చెప్పుకొని బతికే నాకు ఆ సంవత్సరం మీద పక్షపాతం ఎందుకో పాఠకులే గ్రహించగలరు.

మొదటి స్థానం 'బలగం'ది. ఇందులో తర్జనభర్జన లేదు. అంతకుముందు హాస్యనటుడిగానే మనకు తెలిసిన సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తొలిసారి దర్శకత్వం వహించిన చిత్రమిది. మార్చి 3న విడుదలైంది. కథ ఎంతో లేదు. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిట్టకు పెడితే కాకి ముట్టదు. మూడోనాడూ ముట్టదు, అయిదోనాడూ ముట్టదు. ఇంట్లో బావా బావమరుదుల మధ్య ఏండ్ల కిందట విందులో నల్లిబొక్క దగ్గర మొదలైన మాటపట్టింపు ఇంకా ఆరలేదు. నల్లిబొక్క కోసం పగలా అని నవ్వేవారు మన పెళ్లిళ్లలో వడ్డన సరిగా చూచి ఉండరు.

ఆ వేసవిలో ఎన్నో ఊళ్లలో తెరలు కట్టి, జనాన్ని కూర్చోబెట్టి ఈ చిత్రం వేశారు. మా అమ్మ హాలులోనే చూచింది. ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. మరునాడు పొద్దున్నే మంథనిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది, తొమ్మిదేళ్ల తర్వాత. "ఏం రా, మంచిగున్నవా?" అన్నది. అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ పిమ్మట అరగంటసేపు అక్కాతమ్ముళ్లు పసుపు ధర గురించి మాట్లాడుకొన్నారు. పాత తగాదా ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

చిత్రం చివర పాడిన దంపతులను మీరు మరచిపోయి ఉండరు. పస్తం మొగిలయ్య, కొమురమ్మ. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగజంగాల కళాకారులు. వారు నటులు కారు. ఊరూరా తిరిగి కథలు పాడడమే వారి వృత్తి. పోయినవాని మంచిని ఒక్కొక్కటిగా ఎత్తి పాడుతూ ఉంటే, ఎదురుగా కూర్చున్న కొడుకులూ కూతురూ కరగిపోతారు. హాలులో మనమూ అంతే. ఇదే చిత్రంలో పల్లెటూరి మీద పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ గీతరచయితగా జాతీయ పురస్కారం వచ్చినట్లు 2025లో ప్రకటించారు. ఆ కబురు వినడానికి మొగిలయ్య లేడు. మూత్రపిండాల జబ్బుతో బాధపడి 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఆయన పాట తెర మీద మిగిలింది, సరే. కాని ఆయన నోట ఉన్న మిగతా కథలన్నీ ఎవరు పట్టుకొన్నారు?

రెండవది 'దసరా'. అదే మార్చి 30న వచ్చింది. శ్రీకాంత్ ఓదెలకూ ఇది తొలి చిత్రమే. బొగ్గుబావుల పక్కన వీర్లపల్లి, గూడ్సు బండ్ల మీది నుంచి బొగ్గు దొంగిలించే ధరణి, ఊరినంతా తన చుట్టూ తిప్పుకొనే సారా దుకాణం. చివరి అరగంట నరుకుళ్లు నాకు ఎక్కువే అనిపించాయి. ఐనా నాని వంటి పెద్ద కథానాయకుడు మొదటినుంచి చివరిదాకా మా మాటనే మాట్లాడడం చిన్న సంగతి కాదు. తమిళుడైన సంతోష్ నారాయణన్ కూర్చిన సంగీతంలో డప్పు దద్దరిల్లింది.

మూడవది జూన్ 2న వచ్చిన 'పరేషాన్'. రూపక్ రోనాల్డ్‌సన్ తీశాడు. మంచిర్యాల కుర్రాళ్లు, సింగరేణి ఉద్యోగం కొడుక్కి దొరకాలని తండ్రి పడే ఆరాటం. "గా సినిమాల తాగుడు తప్ప ఏమున్నది?" అంటుంది మా శ్రీమతి. ఆమె మాట తీసివేయలేను. కాని ఆ స్నేహితుల తిట్లలో ఉన్న చనువు కృత్రిమం కాదు. కుటుంబంతో వెళ్లేవారు మాత్రం కొంచెం ఆలోచించుకోండి.

నేను చదువుకొనే రోజుల్లో తెర మీద మా యాస వినబడిందంటే, ఆ పాత్ర రౌడీయో, నవ్వు పుట్టించే పనివాడో అయి ఉండేది. తరగతిలో పిల్లలు "సార్, మన భాష తప్పా?" అని అడిగితే, వారిని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టకు తీసుకొనిపోయేవాణ్ణి. పంపకవి తమ్ముడు జినవల్లభుడు క్రీ. శ. 945 ప్రాంతంలో చెక్కించిన తెలుగు కందపద్యాలు ఆ బండ మీద ఉన్నాయి. నన్నయకు నూరేండ్ల ముందటివి. బండ మీద అంత తొందరగా ఎక్కిన తెలుగు నేల ఇది. తెర మీద ఇంటిపెద్దగా కూర్చోవడానికే ఇంత ఆలస్యమైంది.

ఆదిలాబాద్ సంగతికి వస్తే తెర ఇంకా బాకీ ఉన్నది. 2022 నాటి 'ఆర్ఆర్ఆర్'తో కొమురం భీము పేరు ప్రపంచమంతా తెలిసింది. మంచిదే. కాని అందులో ఉన్నది ఊహలోని భీము. జోడేఘాట్ భీము కాదు. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమరం భీమ్' హాళ్లకు వచ్చేసరికి 2010 అయింది. భీము జనం పాట వినాలంటే హాలు కాదు, జాతరకు పోవాలి. అది వచ్చే పుష్యమాసంలోనే ఉన్నది.

ఈ నెలకు మా వైపు ఒక విశేషం కలదు. పుష్య బహుళ పంచమి త్యాగరాజస్వామి ఆరాధన. వేములవాడ దేవస్థానం ఏటా ఆరాధనోత్సవాలు జరుపుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల పంచరత్నాలను పదిమంది గొంతు కలిపి పాడుతుంటే వినడం, ఇంట్లో ఒంటరిగా రికార్డు పెట్టుకొని వినడం ఒకటి కావు. సరిగ్గా పది రోజులకు అమావాస్య. ఆ రాత్రి ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబాకు మహాపూజ. మెస్రం వంశస్థులు జన్నారం వైపున్న హస్తినమడుగు నుంచి గోదావరి జలం కాలినడకన తెస్తారు. పెప్రె, కాలికోం, డోలు మోగుతాయి. పర్ధాన్లు కమానుతో కిక్రి వాయిస్తూ గోండుల వంశచరిత్ర పాడతారు. పుస్తకం లేదు. అంతా నోటిలోనే ఉంటుంది.

ఆ నోళ్లు తగ్గుతున్నాయి. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ పొందిన మర్లవాయి కనకరాజు 2024 అక్టోబరులో వెళ్లిపోయారు. కిక్రి పట్టిన పడుచువాణ్ణి చూచి చాలా కాలమైంది.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. కరీంనగరం నుంచి జగిత్యాల, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా దారి. అడవి గాలి, పుష్యమాసపు చలి. పిల్లలకు కంబళ్లు తప్పవు. పూజ దగ్గర మెస్రం పెద్దలు చెప్పినంత దూరంలో నిలబడండి. పాట పట్టుకోవాలనిపిస్తే ముందు అడగండి. ముగిశాక పాడినవారి చేతిలో ఏదైనా పెట్టండి, పేరూ ఊరూ రాసుకోండి. మా కళాశాల పిల్లలు పన్నెండుమంది ఇప్పటికే నోటుపుస్తకాలు కొన్నారు. పంచమికి వేములవాడ, అమావాస్యకు కేస్లాపూర్. నడుమ పది రోజులు మాత్రం వారికి వ్యాకరణం తప్పదు.