మందు కన్నా ముందు పెండ పరీక్ష

ఇచ్చోడ చుట్టుపక్కల పత్తి, సోయా చేలల్లో ఎడ్ల చాకిరీ తక్కువేం కాదు. పొలాల పండుగకు కొమ్ములకు రంగులేసి మొక్కుతాం. అదే ఎద్దు బక్కచిక్కితే మాత్రం అంగట్లో దొరికిన నట్టల మందు పోసి ఊరుకుంటాం. పెండ పరీక్ష చేయించం.

అపోహ: పెండలో పురుగులు కనిపిస్తేనే నట్టలున్నట్టు.

వాస్తవం: బద్దె పురుగు ముక్కలు బియ్యపు గింజల్లా కనిపించవచ్చు. మిగతా నట్టలు చాలావరకు లోపలే ఉండి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు మైక్రోస్కోపు కిందే కనిపిస్తాయి. పెంటకుప్పలో కదిలేవి ఈగల పురుగులు.

అపోహ: పాలు తాగే దూడకు నట్టలెక్కడివి?

వాస్తవం: తల్లి పాలతోనే వస్తాయి. బర్రె దూడల్లో ఏలికపాముల బెడద మరీ ఎక్కువ. మూడు వారాల వయసుకే పెండలో గుడ్లు కనిపించవచ్చు.

అపోహ: పరీక్షలో గుడ్లు లేవంటే నట్టలు లేనట్టే.

వాస్తవం: పశువుల ప్రాణాల మీదికి తెచ్చేది ఈ నమ్మకమే. కుంటల ఒడ్డున నత్తలుంటాయి. జలగలనే రకం నట్టలు కొంతకాలం ఆ నత్తల్లో పెరిగి, తర్వాత చాలావరకు పచ్చికను అంటుకుని పశువు కడుపులోకి చేరతాయి. పొట్ట జలగల పిల్లలు చిన్నపేగు గోడలోకి తొలుచుకుపోతాయి. నీళ్లలా పారుడు, దవడ కింద వాపు వస్తాయి, పశువు చచ్చిపోవచ్చు కూడా. అప్పటికి వాటికి గుడ్లు పెట్టే వయసే రాలేదు. కార్జపు జలగ గుడ్లు పెట్టడానికి దాదాపు మూడు నాలుగు నెలలు పడుతుంది. గురక వ్యాధి జలగ గుడ్లయితే పెండలో కాదు, ముక్కు చీమిడిలో వెతకాలి.

పరీక్ష పద్ధతి కూడా ముఖ్యమే. గుండ్రటి పురుగుల గుడ్లు చిక్కటి ఉప్పునీటిలో పైకి తేలతాయి. జలగ గుడ్లు బరువు, వాటిని మామూలు నీటిలో అడుగుకు దిగనిచ్చి చూడాలి. అందుకే పశువు ఏ కుంట దగ్గర మేస్తుందో, పారుడు ఎన్నాళ్లుగా ఉందో డాక్టరుకు తప్పక చెప్పండి.

అపోహ: మట్టి తింటే నట్టలే.

వాస్తవం: ఫాస్ఫరస్, ఉప్పు తక్కువైనా తింటుంది.

అపోహ: ఏ మందైనా ఒకటే.

వాస్తవం: ఐవర్‌మెక్టిన్ జలగల మీద పనిచేయదు. ఆల్బెండజోల్ చూలు కట్టిన తొలి రోజుల్లో పోయకూడదు. బరువుకు తగ్గ మోతాదు పోయకుంటే నట్టలు మందుకు అలవాటు పడతాయి. గుండ్రటి పురుగులకు మందు పోస్తే రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి. గుడ్లు దాదాపు అన్నీ పోకుంటే ఆ మందును అనుమానించాల్సిందే.

అపోహ: ఏ పెండ అయినా సరిపోతుంది.

వాస్తవం: ఎండినది, మన్ను అంటినది పనికిరాదు. అప్పుడే వేసిన పెండ నుంచి పైభాగం నిమ్మకాయంత తీసి, శుభ్రమైన డబ్బాలో గాలి లేకుండా నింపి, పశువు గుర్తు రాయండి. ఎండ తగలకుండా అదే రోజు పశువుల దవాఖానలో ఇవ్వండి. ఆలస్యమైతే గుడ్లు పొదిగిపోతాయి, లెక్క తప్పుతుంది. ఈసారి మందు సీసా కొనే ముందు ఆ డబ్బా పట్టుకుని వెళ్లండి.