మతం మారాలంటే కలెక్టర్ అనుమతి: గుజరాత్ చట్టంలో ఏముంది?

సూరత్: నగర దక్షిణ భాగంలోని పాండేసర పారిశ్రామిక వాడ డైయింగ్, ప్రింటింగ్ మిల్లులకు ప్రసిద్ధి. ఒడిశా, ఉత్తర్‌ప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారితో పాటు తెలుగు కార్మికులూ ఇక్కడ ఉపాధి పొందుతున్నారు. ఉధనా, లింబాయత్ ప్రాంతాల్లోనూ తెలుగు నేత కుటుంబాలు స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నిర్వహిస్తోంది. భాష, పండుగలు, ఇలవేల్పు వలస కుటుంబంతో పాటే ప్రయాణించాయి. మతమార్పిడికి వర్తించే చట్టం మాత్రం స్వస్థలాన్ని బట్టి కాక, నివసించే రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మతమార్పిడిని నియంత్రించే ప్రత్యేక చట్టం లేదు. గుజరాత్‌లో 2003 నుంచి మతస్వాతంత్ర్య చట్టం ఉంది. పేరులో స్వాతంత్ర్యం ఉన్నా, అందులోని నిబంధనల్లో అధిక భాగం నియంత్రణకు సంబంధించినవే.

ఈ చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం మతమార్పిడి క్రతువు జరిపే మతాచార్యుడు, అందులో ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ పాల్గొనేవారు ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి పొందాలి. మతం మారిన వ్యక్తి ఆ విషయాన్ని నిర్ణీత గడువులోగా అదే అధికారికి తెలియజేయాలి. ఈ నిబంధనను ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. బలవంతం, ప్రలోభం, మోసం ఆరోపణలు లేకపోయినా ఈ బాధ్యత తప్పదు. అంటే పాండేసరలోని ఒక కార్మికుడు తన ఇష్టప్రకారమే బాప్తిస్మం పొందదలచినా, పాస్టర్ ముందుగా కలెక్టర్‌కు దరఖాస్తు చేయవలసిందే. అదే వ్యక్తి సెలవుల్లో సిరిసిల్లలోని బంధువుల ఇంటికి వెళ్లి అక్కడ బాప్తిస్మం తీసుకుంటే, తెలంగాణలో అటువంటి అనుమతి విధానమే లేదు.

రాజ్యాంగం ఒక్కటే అయినప్పుడు ఈ వ్యత్యాసం ఎలా సాధ్యమైంది? 25వ అధికరణ అంతరాత్మ స్వేచ్ఛను, మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును ఇస్తుంది. అయితే శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యానికి లోబడి ఇస్తుంది. 1977లో స్టానిస్లాస్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఒడిశా, మధ్యప్రదేశ్ చట్టాలను సమర్థించింది. ప్రచారం చేసే హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని పేర్కొంది. తర్వాతి రాష్ట్ర చట్టాలన్నిటికీ ఈ తీర్పే ఆధారం. అయితే తనంతట తాను మతం మారదలచిన వ్యక్తి ముందుగా ప్రభుత్వానికి ఎందుకు తెలియజేయాలన్న ప్రశ్నకు ఇందులో స్పష్టమైన సమాధానం దొరకదు.

ఆ ప్రశ్నను సూటిగా పరిశీలించింది హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు. ముందస్తు నోటీసు నిబంధనను 2012లో కొట్టివేస్తూ, తన విశ్వాసాన్ని గోప్యంగా ఉంచుకునే హక్కు పౌరుడికి ఉందని తెలిపింది. అదే రాష్ట్రం 2019 నాటి కొత్త చట్టంలో నోటీసు నిబంధనను తిరిగి ప్రవేశపెట్టడం గమనార్హం.

గుజరాత్ 2021లో చట్టాన్ని సవరించి వివాహం ద్వారా జరిగే మతమార్పిడిని అందులో చేర్చింది. అదే ఏడాది ఆగస్టు 19న గుజరాత్ హైకోర్టు, బలవంతం, ప్రలోభం, మోసం లేని మతాంతర వివాహాలకు పలు సెక్షన్ల అమలును నిలిపివేసింది. వాటిలో 5వ సెక్షన్ కూడా ఉంది. 2003 నుంచే ఉన్న ఆ సెక్షన్‌ను మినహాయించాలని ప్రభుత్వం కోరినా న్యాయస్థానం అంగీకరించలేదు. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఈ మధ్యంతర ఊరట ఆ తరహా వివాహాలకే పరిమితం కావడంతో, ఇతర సందర్భాల్లో కలెక్టర్ అనుమతి నిబంధన కొనసాగింది.

2024 ఏప్రిల్‌లో గుజరాత్ హోంశాఖ ఇచ్చిన సర్క్యులర్ మరో చిక్కును ముందుకు తెచ్చింది. హిందూ మతం నుంచి బౌద్ధ, జైన, సిక్కు మతాల్లోకి మారేందుకూ అనుమతి అవసరమని అది స్పష్టం చేసింది. అంబేడ్కర్ బాటలో బౌద్ధాన్ని స్వీకరించే దళితులపై దీని ప్రభావం పడుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులతో పాటు 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు ఎస్సీ హోదా వర్తిస్తుంది. క్రైస్తవం, ఇస్లాం స్వీకరిస్తే ఆ హోదా ఉండదు. ఎస్టీలకు ఇటువంటి మతపరమైన షరతు లేదు. కాబట్టి దళితుడికి మతం ఎంపిక రిజర్వేషన్లతోనూ ముడిపడి ఉంటుంది.

రాజ్యానికీ మతానికీ మధ్య అమెరికాలో తరచూ చెప్పుకునే అడ్డుగోడ భారత్‌లో లేదు. తెలుగు రాష్ట్రాల్లో పెద్ద ఆలయాలకు కార్యనిర్వహణాధికారిని దేవాదాయ చట్టం కింద ప్రభుత్వమే నియమిస్తుంది. మతానికి సంబంధించిన ఆర్థిక, లౌకిక కార్యకలాపాలను నియంత్రించే అధికారం 25వ అధికరణలోనే ఉంది. అయితే హుండీ లెక్కల తనిఖీ, అంతరాత్మ తనిఖీ ఒకే కోవకు చెందినవి కావు. మొదటిది సంస్థ ఆస్తికి, రెండవది వ్యక్తి మనసుకు సంబంధించినది. గుజరాత్ 5వ సెక్షన్‌పై వివాదమంతా ఈ రెండవ అధికారం గురించే.